పాత అవుట్‌బోర్డ్ మోటారుకు మళ్లీ రంగు వేయడం: ఉప్పునీటిలో నడిచే బోట్లకు సమగ్ర మార్గదర్శి

సముద్రంలో తిరిగే అవుట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బయటివైపు బిగించే ఇంజను) మీది రంగు పైనుంచి అరిగిపోవడం తక్కువ, అడుగు నుంచి లేచిపోవడం ఎక్కువ. కాకినాడలోనో, మచిలీపట్నం దగ్గరి గిలకలదిండిలోనో, నిజాంపట్నంలోనో ఒడ్డున ఉన్న ఫైబర్ బోట్ల మోటార్లను దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. వెడల్పుగా, నున్నగా ఉన్న భాగాల్లో కంపెనీ రంగు వెలిసిపోయినా లోహాన్ని పట్టుకునే ఉంటుంది. బోల్టు తలల చుట్టూ, అంచుల వెంట, మోటారును బోటుకు పట్టించే బ్రాకెట్టు రాసుకునే చోట మాత్రం పొక్కులు లేస్తాయి. అలాంటి పొక్కును బొటనవేలి గోటితో నొక్కితే పైపొర పెళుసుగా విరిగి, లోపల తడిగా ఉన్న తెల్లని పొడి బయటపడుతుంది. అది అల్యూమినియానికి పట్టిన తుప్పు. ఆ పొడిని, దాని కింద దాగిన ఉప్పును అలాగే ఉంచి ఎంత ఖరీదైన రంగు కొట్టినా అదే చోట మళ్లీ పొక్కు లేస్తుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో స్ప్రే గన్ చేతిలోకి తీసుకోవడానికి ముందు జరగవలసిన పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పే పద్ధతి 8 నుంచి 40 హార్స్‌పవర్ వరకు ఉండే మోటార్లను ఉద్దేశించినది. పెద్ద మోటార్లకు కూడా క్రమం ఇదే, సామగ్రి మాత్రం పెరుగుతుంది. మంచినీటిలోనే తిరిగే బోటు అయితే ఉప్పు బెడద తగ్గుతుంది కాని, మిగిలిన దశల్లో ఏదీ వదిలిపెట్టదగినది కాదు.

పనికి అనువైన కాలం, చోటు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు వేట నిషేధం ఉంటుంది. మోటారు బోట్లు ఒడ్డున ఉండే ఆ రోజులే ఈ పనికి సహజమైన సమయం. అయితే అవి మండుటెండల రోజులు కూడా. ఎండలో ఉన్న లోహం చేయి పెట్టలేనంతగా కాలుతుంది, దాని మీద కొట్టిన రంగు సమంగా పరుచుకోకముందే ఆరి గరుకు తేలుతుంది. తెల్లవారుజామున మంచు తడి ఉంటుంది, సాయంత్రం సముద్రపు గాలి తేమను మోసుకొస్తుంది. కనుక నీడ ఉన్న షెడ్డులో, ఉదయం తడి పూర్తిగా ఆరిన తరువాత మొదలుపెట్టి మధ్యాహ్నపు వేడి ముదరకముందే ఆ పూట రంగు పనిని ముగించడం మంచిది.

గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు వేయకూడదు. లోహపు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉండాలి. కొలిచే పరికరం లేనివారు ఒక సులువైన పరీక్ష చేసుకోవచ్చు. తడిగుడ్డతో లోహం మీద పలుచగా ఒకసారి తుడిచి, ఆ తడి పావుగంటలో ఆరిపోతుందో లేదో చూడాలి. ఆరకపోతే ఆ పూట ప్రైమర్ (లోహం మీద ముందుగా వేసే అడుగు పొర) డబ్బా తెరవకపోవడమే మేలు. షెడ్డు నేలను నీళ్లతో తడిపితే దుమ్ము లేవదు కాని, గాలిలో తేమ పెరుగుతుంది. కాబట్టి ఆ తడుపు ముందురోజే జరగాలి.

రంగుకు ముందు మోటారు ఆరోగ్యం

మోటారును బోటు నుంచి దించి గట్టి స్టాండుకు బిగించాలి. పెట్రోలు ట్యాంకును, పైపును వేరు చేసి దూరంగా పెట్టాలి. స్పార్క్ ప్లగ్గుల వైర్లు తీసేయాలి. ప్రొపెల్లరును చేత్తో తిప్పినప్పుడు ఇంజను అందుకునే అవకాశం ఏ కొంచెమూ ఉండకూడదు.

తరువాత గేర్ ఆయిలు చూడాలి. గేర్‌కేస్ (ప్రొపెల్లరును తిప్పే గేర్లుండే కింది భాగం) అడుగున ఉండే స్క్రూ విప్పితే వచ్చే నూనె పాలలా తెల్లగా ఉందంటే సీలు దెబ్బతిని లోపలికి నీరు చేరుతున్నదని అర్థం. ప్రొపెల్లరు షాఫ్టుకు చుట్టుకున్న వల దారం, నైలాన్ తాడు సీలును కోసేయడం మన తీరంలో చాలా మామూలు. ప్రొపెల్లరు తీసి షాఫ్టు మొదలు దాకా చూసి, దారం ఉంటే తీసి, సీలు మార్చవలసి ఉంటే ఇప్పుడే మార్పించాలి. సీలు దగ్గర నూనె ఊరుతున్నంత కాలం ఆ చుట్టుపక్కల ఏ రంగూ నిలవదు. అంతేకాక, రంగు వేసిన తరువాత గేర్‌కేస్ విప్పితే కొత్త రంగు అతుకు దగ్గర చిట్లిపోతుంది. వాటర్ పంపు ఇంపెల్లరు (నీటిని నెట్టే రబ్బరు రెక్కల చక్రం) పాతబడి ఉంటే దానినీ ఇదే సందర్భంలో మార్చుకోవచ్చు.

విప్పడం

ప్రతి వైపు నుంచి ఫోటోలు తీసుకుని, విప్పిన బోల్టులను ఏ భాగానివి ఆ భాగం పేరుతో వేర్వేరు డబ్బాల్లో ఉంచాలి. కౌలింగ్ అనే పై మూత, ప్రొపెల్లరు, యానోడ్లు (మోటారు బదులు తాము తుప్పుకు కరిగే లోహపు ముక్కలు), నీరు పీల్చుకునే జాలి, ట్రిమ్ ట్యాబ్ (ప్రొపెల్లరుకు పైన ఉండే చిన్న రెక్క), వీలైతే క్లాంప్ బ్రాకెట్టు కూడా విడిగా తీయాలి. భాగాలు కలిసే చోట టేపు అంటించి రంగు కొట్టడం తేలిక దారి. అయితే రంగు పొర ఆగిపోయే ఆ అంచు నుంచే నీరు మళ్లీ లోపలికి దూరుతుంది.

ఉప్పు పట్టి బిగుసుకున్న స్టెయిన్‌లెస్ బోల్టులు ఈ పనిలో ఓపికను పరీక్షించే భాగం. బలంగా తిప్పితే తల తెగుతుంది, లేదంటే అల్యూమినియంలోని మర చెరిగిపోతుంది. చొచ్చుకుపోయే నూనె రాసి ఒక రాత్రి వదిలేసి, మరునాడు హీట్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయాలి. వేడికి అల్యూమినియం స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక పట్టు వదులవుతుంది. బిగించే దిశలో కొద్దిగా, విప్పే దిశలో కొద్దిగా మార్చి మార్చి కదిలిస్తూ బయటికి తేవాలి. నూనె ఆవిర్లు పూర్తిగా పోయిన తరువాతే వేడి చేయాలి. పెట్రోలు తడి ఉన్న చోట ఈ పని పనికిరాదు.

పాత రంగు తీయడం

రంగు ఊడగొట్టడానికి మన వర్క్‌షాపుల్లో కాస్టిక్ సోడా నీళ్లలో ముంచే అలవాటు ఉంది. ఇనుప గేట్లకు, గ్రిల్సుకు అది పనికొస్తుంది. అల్యూమినియానికి మాత్రం దానిని దగ్గరికి కూడా రానీయకూడదు. కాస్టిక్ సోడా రంగుతో పాటు అల్యూమినియాన్నే కరిగిస్తుంది. ఆ చర్యలో మండే గుణం ఉన్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. పెయింటు షాపులో దొరికే జెల్లీ రకం పెయింట్ రిమూవర్‌ను లోహ భాగాల మీద వాడవచ్చు. చేతికి రసాయనాలకు ఆగే గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి, గాలి ఆడే చోటే వాడాలి. ఫైబర్ లేదా ప్లాస్టిక్ కౌలింగ్ మీద రిమూవర్ వాడితే మూతే మెత్తబడి పాడవుతుంది.

ఇనుప వైర్ బ్రష్షు, స్టీల్ వూల్ వాడకూడదు. వాటి నుంచి విరిగిన సన్నని ఇనుప రేణువులు మెత్తని అల్యూమినియంలో నాటుకుని, కొత్త రంగు కింద తుప్పుకు విత్తనాలవుతాయి. నైలాన్ బ్రష్షు, స్కాచ్ బ్రైట్, ఎమరీ పేపరు చాలు. ఇనుము మీద వాడిన ఎమరీ ముక్కను కూడా దీని మీద తిరిగి వాడవద్దు. ఇసుక బ్లాస్టింగ్‌కు ఇవ్వదలచుకుంటే షాఫ్టులు, సీళ్లు, బేరింగులు పూర్తిగా తీసిన ఒట్టి భాగాలనే ఇవ్వాలి, గాజు పూసల వంటి మృదువైన రేణువులతో తక్కువ ఒత్తిడిలో చేయమని చెప్పాలి. అమర్చి ఉన్న మోటారును బ్లాస్టింగ్ చేయిస్తే ఇసుక సీళ్లలో చేరి మోటారు జీవితాన్ని కుదిస్తుంది.

మొత్తం రంగు తీయాలా, పాడైన చోట్లే తీయాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. పాత పొర గట్టిగా పట్టుకుని ఉన్న చోట దానిని తీయనవసరం లేదని నా అభిప్రాయం. కంపెనీలో ప్రత్యేక రసాయన శుద్ధి తరువాత వేసిన ఆ అడుగు పొరకు సాటిరాగల పట్టు మన షెడ్డులో సాధించడం కష్టం. పొక్కు ఉన్న చోట మాత్రం గట్టి రంగు కనిపించేదాకా, ఆ తరువాత ఇంకో రెండు సెంటీమీటర్ల దాకా తీసుకుంటూ పోవాలి. కత్తి మొనను రంగు అంచు కిందికి దూర్చి చూస్తే, పట్టు లేని పొర తేలిగ్గా లేస్తుంది. లేవడం ఆగిన చోటే మన హద్దు.

ఆ హద్దును 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 180 వరకు వెళుతూ వాలుగా సాపు చేయాలి. పూర్తయిందో లేదో కంటికన్నా గోరు బాగా చెబుతుంది. రంగు మీద నుంచి లోహం మీదికి గోటిని అడ్డంగా జరిపినప్పుడు ఎక్కడా తగలకూడదు. తగిలితే ఆ మెట్టు కొత్త రంగులోంచి గీతగా కనిపించడమే కాక, అక్కడ పొర పలుచబడుతుంది. మిగిలిన పాత రంగునంతటినీ 320 నంబరుతో మెరుపు పోయేదాకా రుద్దాలి.

ఉప్పును వదిలించడం

సాపు చేసిన లోహం తళతళలాడుతూ ఉంటుంది, ఇక రంగు కొట్టవచ్చనిపిస్తుంది. కాని కంటికి కనిపించని ఉప్పు సన్నని గుంటల్లో ఇంకా ఉంటుంది. రంగు పొర ఎంత గట్టిదైనా నీటి ఆవిరిని కొద్దికొద్దిగా లోనికి రానిస్తుంది. అడుగున ఉప్పు ఉంటే అది ఆ నీటిని పీల్చి పట్టుకుని, పొరను పైకి నెడుతుంది. పొక్కు పుట్టేది ఇలాగే.

మొదట డిష్‌వాష్ లిక్విడ్ కలిపిన మంచినీటితో భాగాలన్నీ కడగాలి. తీరంలో చాలామంది మోటారును డీజిల్ గుడ్డతో తుడుస్తుంటారు కనుక ఆ జిడ్డు పోయేదాకా ఒకటికి రెండుసార్లు కడగడం అవసరం. తరువాత తెల్లని వెనిగర్‌ను గుంటలున్న చోట రాసి, నైలాన్ బ్రష్షుతో రుద్ది, పది నిమిషాలు ఉంచితే తెల్లని తుప్పు కరిగి వదులుతుంది. వెంటనే మంచినీటితో ధారాళంగా కడగాలి. ఊరి బోరు నీరు ఉప్పగా ఉంటే ఆ నీటితో చివరి కడుగు వద్దు. మునిసిపల్ కుళాయి నీరో, తాగునీటి క్యానో తెచ్చుకోవాలి. చివరిసారి కడిగినప్పుడు నీరు లోహమంతటా పలుచని పొరలా పరుచుకుని జారితే శుభ్రమైనట్టు. బొట్లు బొట్లుగా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డు ఉంది.

ఆరిన తరువాత గుంటలను భూతద్దంతోనో, ఫోను కెమెరాలో పెద్దది చేసో చూడాలి. అడుగున తెలుపు మిగిలి ఉంటే రుద్ది, మళ్లీ వెనిగర్, మళ్లీ నీరు. ఈ దశలో ఇంకో రోజు పట్టినా ఆ రోజు వృథా కాదు.

గాలి తగిలిన అల్యూమినియం మీద ఆక్సైడు పొర వెంటనే పేరుకోవడం మొదలవుతుంది. కాబట్టి ఆరిన భాగాలను ప్రైమర్‌కు ముందు కొత్త 180 నంబరు పేపరుతో మరొకసారి తేలిగ్గా రుద్ది, పెయింటుకు తగిన థిన్నరులో తడిపిన తెల్లని నూలుగుడ్డతో తుడిచి, నాలుగు గంటలలోపే మొదటి పొర వేయాలి. తుడిచిన చోట మళ్లీ చేత్తో తాకకూడదు. చేతి చెమటలో ఉప్పూ నూనే రెండూ ఉంటాయి.

ప్రైమర్

ఆటో పెయింటు షాపుల్లో అల్యూమినియానికి అనగానే వాష్ ప్రైమర్ చేతిలో పెడతారు. అందులోని ఆమ్లం లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు ఇస్తుంది, కారు బాడీకి అది మంచిదే. కాని చాలా రకాల వాష్ ప్రైమర్ల మీద ఎపాక్సీ (గట్టిపరిచే హార్డెనర్ కలిపి వాడే రంగు) నేరుగా వేయకూడదని తయారీదారులే చెబుతారు, మిగిలిన ఆమ్లం ఎపాక్సీ గట్టిపడటాన్ని చెడగొడుతుంది. నీటిలో మునిగే గేర్‌కేస్‌కు నేను సూచించేది, శుభ్రంగా రుద్దిన లోహం మీద నేరుగా వేసే రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్. కొనేటప్పుడు అది అల్యూమినియం మీద పనిచేస్తుందని డబ్బా మీద గాని, డేటా షీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) గాని రాసి ఉందో లేదో చూసుకోవాలి. జింక్ క్రోమేట్ పాత కాలపు పేరున్న ప్రైమరే అయినా, అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. దానిని రుద్దిన ధూళి మరీ ప్రమాదం. జింక్ ఫాస్ఫేట్ రకం ఉండగా దాని జోలికి పోనవసరం లేదు.

ప్రైమరును, హార్డెనర్‌ను డబ్బా మీద చెప్పిన నిష్పత్తిలో కొలత గ్లాసుతో కలపాలి. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకోవడం తప్పు, పొర సరిగా గట్టిపడదు. కలిపిన తరువాత కొంతసేపు నిలవ ఉంచమని డేటా షీట్ చెబితే అంతసేపు ఉంచాలి. మే నెల వేడిలో కలిపిన ప్రైమర్ త్వరగా చిక్కబడుతుంది కనుక గంటలో వాడగలిగినంతే కలుపుకోవాలి.

గన్ పట్టడానికి ముందు చిన్న బ్రష్షుతో బోల్టు రంధ్రాల లోపలి అంచులు, మూలలు, స్కెగ్ (ప్రొపెల్లరు కింద ఉండే రెక్క) అంచు, అతుకు ముఖాల వెలుపలి గీత, గుంటలు అన్నిటికీ ఒక పొర రుద్దినట్టుగా పూయాలి. తడి రంగు పదునైన అంచుల నుంచి వెనక్కి లాక్కుంటుంది, అక్కడ పొర పలుచగా మిగులుతుంది. నౌకలకు రంగు వేసేవారు అంచులకు ముందుగా విడి పొర పూసేది ఇందుకే. అది తడి ఆరి జిగటగా ఉన్నప్పుడు మొత్తం మీద స్ప్రేతో రెండు పొరలు వేయాలి.

లోతైన గుంటలను మొదటి ప్రైమర్ పొర గట్టిపడిన తరువాత అల్యూమినియం పొడి కలిసిన ఎపాక్సీ పుట్టీతో పూడ్చి, సాపు చేసి, పైన మళ్లీ ప్రైమర్ వేయాలి. కారు డెంట్లకు వాడే మామూలు పాలిస్టర్ పుట్టీ నీటిని పీల్చుకుంటుంది, నీటి గీతకు కింద అది పనికిరాదు.

కౌలింగ్

పై మూత వేరే పదార్థం కాబట్టి దాని లెక్క వేరు. లోపలి వైపు చూస్తే ఫైబర్ పోగులు కనిపిస్తున్నాయా, నున్నని ప్లాస్టిక్కా తెలుస్తుంది. ప్లాస్టిక్ అయితే బంపర్లకు వాడే ప్లాస్టిక్ ప్రైమర్ ముందు వేయాలి. పాత స్టిక్కర్లను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మెల్లగా లాగే ముందు, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోవాలి. ఆ కొలతలతో రేడియం స్టిక్కర్ల షాపులో అవే అక్షరాలు కోయించుకోవచ్చు. మూతకు ఎప్పుడైనా సిలికాన్ పాలిష్ పట్టించి ఉంటే రంగు చేప కళ్లలా గుండ్రంగా విడిపోతుంది. వ్యాక్స్ రిమూవర్‌తో తుడవడం మరువరాదు.

పై రంగు

ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడి తేలుతుంది, కనుక దానిపై ఎండకు ఆగే పొర తప్పనిసరి. రెండు డబ్బాల పాలీయురిథేన్, అంటే షాపుల్లో పీయూ పెయింటు అనేది, ఈ పనికి అన్నిటికన్నా తగినది. స్ప్రే క్యాన్లలో దొరికే ఒంటి డబ్బా ఎనామెల్ చౌకే గాని, పెట్రోలు ఒలికిన చోట మెత్తబడి ఊడుతుంది. రంగు కలిపించుకోవడానికి వెళ్లేటప్పుడు కౌలింగ్ అంచు లోపల, ఎండ తగలని చోటు చూపించాలి. బయటి వైపు చూపిస్తే వెలిసిపోయిన రంగే కలిపి ఇస్తారు. ఈ పరిమాణపు మోటారుకు మామూలుగా అర లీటరు నుంచి లీటరు లోపు సరిపోతుంది.

పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీల్చితే శాశ్వతమైన ఆస్తమా రావచ్చు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు గాని, దుమ్ము మాస్కు గాని దీనిని ఆపలేవు. గాలి బాగా ఆడే చోట, ఆర్గానిక్ ఆవిర్లతో పాటు తుంపరను కూడా ఆపే కొత్త కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, అద్దాలు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకునే కొట్టాలి. అవి లేనివారు ఈ దశను సరైన బూత్ ఉన్న కారు పెయింటరుకు అప్పగించడం మంచిది. తయారీ పని అంతా చేతిలో ఉన్నప్పుడు ఆయన తీసుకునే కూలీ పెద్ద భారం కాదు.

ప్రైమర్‌ను 400 నంబరు వాటర్ పేపరుతో సాపు చేసి, కడిగి, ఆరబెట్టి, తుడవాలి. స్క్రూ రంధ్రాలకు, షాఫ్టుకు, నీరు బయటికి చిమ్మే రంధ్రానికి గుడ్డ ముక్కలు కూర్చి, ఎన్ని కూర్చారో ఒక కాగితం మీద రాసుకోవాలి. లోపల మిగిలిన ఒక్క ముక్క చాలు, చల్లబరిచే నీరు ఆగి ఇంజను వేడెక్కడానికి. ఇంజను నంబరు ప్లేటు మీద టేపు అంటించాలి, రిజిస్ట్రేషన్‌కూ బీమాకూ ఆ నంబరు చదవగలిగేలా ఉండాలి. 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి, ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పేలా కొట్టాలి. మొదటి పొర పలుచగా, తరువాతి రెండు నిండుగా ఉండాలి. పొరల మధ్య పది, పదిహేను నిమిషాలు ఆగాలి. ఎండాకాలంలో నెమ్మదిగా ఆరే థిన్నరు అడిగి తీసుకుంటే మెరుపు సమంగా వస్తుంది.

చేయి తాకేలా కొన్ని గంటల్లో ఆరినా, పొర పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. అంతవరకు నీటిలో దించకూడదు.

యానోడ్లు, అడుగు రంగు

యానోడ్ల మీద రంగు వేయకూడదు. అల్యూమినియం బదులు తాము కరిగిపోవడమే వాటి పని, రంగు పడితే ఆ పని ఆగిపోతుంది. అవి కూర్చునే చోట లోహం మీద కూడా రంగును గుండ్రంగా గీకి, ఒట్టి లోహం తగిలేలా బిగించాలి. సగం అరిగిన యానోడును మార్చేయాలి. కోరింగ పాయల వంటి ఉప్పు తక్కువైన నీటిలో ఎక్కువగా తిరిగే బోటుకు జింకు కన్నా అల్యూమినియం యానోడు మెరుగు.

గవ్వలు, నాచు పట్టకుండా బోటు అడుగుకు వేసే రాగి కలిసిన యాంటీఫౌలింగ్ రంగును మిగిలింది కదా అని మోటారుకు పూయకూడదు. రాగి, అల్యూమినియం ఉప్పునీటిలో కలిసినప్పుడు అల్యూమినియమే తినివేయబడుతుంది. మోటారును ఎప్పుడూ నీటిలోనే ఉంచేవారు అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న రాగి లేని రకం వాడాలి. తిరిగి రాగానే మోటారును పైకి ఎత్తి ఉంచేవారికి అసలు దాని అవసరం లేదు.

తిరిగి బిగించడం

బోల్టులను బిగించిన తరువాత వాటి మీదుగా రంగు కొట్టే పద్ధతి చూడటానికి శుభ్రంగా ఉంటుంది కాని, తరువాతెప్పుడో ఆ బోల్టు తిప్పగానే తల చుట్టూ పొర పగిలి నీటికి దారి ఇస్తుంది. రంగు గట్టిపడిన తరువాతే, ప్రతి బోల్టు మరకు, తల కింది భాగానికి లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) గాని, ఉప్పునీటికి ఆగే మెరైన్ గ్రీజు గాని పట్టించి బిగించాలి. స్టెయిన్‌లెస్, అల్యూమినియం నేరుగా తగలకుండా ఆ పొర అడ్డుపడుతుంది. చోటున్న దగ్గర నైలాన్ వాషరు కూడా వేయవచ్చు. బ్రాకెట్టు గ్రీజు నిపుల్సులో పాత గ్రీజు, ఎమరీ దుమ్ము బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించాలి. కొత్త గేర్ ఆయిలును కింది స్క్రూ నుంచి, పై రంధ్రంలో కనిపించేదాకా నింపాలి. గుడ్డ ముక్కలను కాగితంలోని లెక్కతో సరిచూసుకుని, మోటారును నీళ్ల డ్రమ్ములో నడిపి, చిమ్మే నీరు ధారగా వస్తున్నదో లేదో చూడాలి.

ఇసుక మేటలు వేసిన మొగల్లో (నది సముద్రంలో కలిసే చోట్లలో) స్కెగ్ అడుగు అంచు ఎలాగూ గీసుకుపోతుంది, అది పనివల్ల వచ్చే గాయమే. వేటకు వెళ్లివచ్చిన ప్రతిసారీ మోటారును మంచినీటితో లోపలా బయటా కడిగి, వారానికొకసారి ఆ అంచును, బోల్టు తలలను చూడాలి. లోహం బయటపడిన చోట రుద్ది, వెనిగర్ రాసి, కడిగి ఆరబెట్టి, మిగిలిన ఎపాక్సీలో చెంచాడు కలిపి బ్రష్షుతో పూసి, అది ఆరాక పైన పీయూ అద్దితే సరిపోతుంది. ఇందుకోసం రెండు డబ్బాలనూ మూతలు గట్టిగా బిగించి నీడలో దాచుకోవాలి. పీయూ హార్డెనర్ గాలిలోని తేమకే గడ్డకడుతుంది కాబట్టి దానిని చిన్న సీసాలోకి నిండుగా మార్చి పెట్టుకుంటే మరికొంత కాలం నిలుస్తుంది.